ఎనిమిది పెన్నీల బొక్కెన: కెప్టెన్ కిడ్ హత్య కేసుపై ఒక వకీలు పరిశీలన

అభియోగ పత్రంలో బొక్కెన వెల కూడా రాశారు. ఇనుప పట్టీలు బిగించిన కొయ్య బొక్కెన, వెల ఎనిమిది పెన్నీలు. మనిషి ప్రాణం తీసిన వస్తువు రాజుకు జప్తు కావాలన్నది అప్పటి ఇంగ్లండు చట్టం. అందువల్ల కత్తి అయినా, కర్ర అయినా దాని ఖరీదును పత్రంలో చూపించేవారు. ఆ బొక్కెనతో ఓడ గన్నరు విలియం మూర్ కుడి చెవికి కొంచెం పైన కొట్టి, అతని చావుకు కారణమయ్యాడన్నది కెప్టెన్ విలియం కిడ్ మీద మోపిన నేరం. దెబ్బ తగిలింది 1697 అక్టోబరు 30న, మన దేశపు పడమటి తీరానికి దగ్గరలో. మూర్ చనిపోయింది మర్నాడు. విచారణ లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో, 1701 మేలో.

కిడ్ పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేవి సముద్రపు దోపిడీ, పాతిపెట్టిన నిధి. వాటి జోలికి నేను పోను. పైరసీ అభియోగాల మీద చరిత్రకారులు ఇప్పటికే కావలసినంత వాదించుకున్నారు. నాకు ఆసక్తి కలిగించింది వాటికన్నా ముందు విచారణకు వచ్చిన హత్య కేసు. ఒక కెప్టెన్ తన ఓడలో పనిచేసేవాణ్ణి కొట్టాడు, వాడు చచ్చిపోయాడు. పదిహేడో శతాబ్దంలో ఇలాంటివి ఎన్నో జరిగాయి. వాటిలో చాలా భాగం కోర్టు గడప దాకా రాలేదు. ఇది వచ్చింది. సాక్షుల మాటలతో సహా అదే ఏడాది అచ్చయింది కూడా. కాబట్టి ఒక వకీలు తన దగ్గరికి వచ్చిన ఫైలులా దీన్ని విప్పి చూడవచ్చు.

ఈ ఫైలు దాకా నన్ను తీసుకొచ్చింది ఒక చెంపదెబ్బ. నేను విశాఖపట్నంలో ముప్ఫై ఏళ్లుగా క్రిమినల్ కేసులు చూస్తున్నాను. రేవు ఊరు కాబట్టి ఓడ ఉద్యోగుల జీతం బకాయిలు, గాయాల పరిహారాలు కూడా నా దగ్గరికి వస్తుంటాయి. కొన్నేళ్ల కిందట శ్రీకాకుళం వైపు కుర్రవాడొకడు వచ్చాడు. ఓడలో ఒక అధికారి కొట్టిన దెబ్బకు అతని చెవి సరిగా వినిపించడం లేదు. మేము పంపిన నోటీసుకు అవతలి వాళ్లు ఇచ్చిన జవాబులో ఒక మాట నన్ను ఆపేసింది: "ఓడలో క్రమశిక్షణ కోసం తీసుకున్న చర్య." క్రమశిక్షణ పేరుతో కెప్టెన్ చేయి ఎంత దూరం వెళ్లవచ్చు, ఆ హద్దు ఎవరు గీశారు అని వెతుక్కుంటూ వెనక్కి పోతే కిడ్ దగ్గర తేలాను.

ఓడ, ఒప్పందం, ఆకలి

అడ్వెంచర్ గ్యాలీ 34 ఫిరంగుల ఓడ. గాలి లేనప్పుడు తెడ్లు వేసి కూడా నడపవచ్చు. పెట్టుబడి పెట్టినవాళ్లు సామాన్యులు కారు. లార్డ్ బెలమాంట్ ముందుండగా, వెనుక ఇంగ్లండు ప్రభుత్వంలోని పెద్ద తలకాయలు కొన్ని ఉన్నాయి. ఫ్రెంచి ఓడలను, సముద్రపు దొంగలను పట్టుకోవడానికి రాజు ముద్ర వేసిన అధికార పత్రాలు కిడ్ చేతిలో ఉన్నాయి. 1696లో ఇంగ్లండు నుంచి బయలుదేరి, న్యూయార్కులో మనుషులను నింపుకొని, సుమారు 150 మందితో హిందూ మహాసముద్రం దారి పట్టాడు.

జీతాల సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, వేట దొరికితేనే కూలి. ఈ కేసులో దెబ్బ ఎంత ముఖ్యమో ఈ ఒప్పందమూ అంత ముఖ్యం. నెల జీతం ఉన్న నావికుడు కెప్టెన్ మీద కోపం వస్తే ఇంటికెళ్లాక జీతం కోసం దావా వేయగలడు. ఆ రోజుల్లో సముద్ర వ్యవహారాలు చూసే ఇంగ్లండు అడ్మిరల్టీ కోర్టుకు ఇలాంటి వ్యాజ్యాలు కొత్త కాదు. జీతం దావాలోనే కెప్టెన్ కొట్టాడనీ, తిండి సరిగా పెట్టలేదనీ చేర్చేవారు. కిడ్ మనుషులకు ఆ దారి లేదు. పట్టుకున్న సరుకులో వాటా తప్ప మరో రాబడి లేదు. అడిగే జీతమే లేనివాడు దావా ఎలా వేస్తాడు?

1697 అంతా వాళ్లకు కలిసిరాలేదు. కొమొరో దీవుల దగ్గర రోగం వచ్చి కొద్ది రోజుల్లో సుమారు 50 మంది పోయారు. ఆగస్టులో ఎర్ర సముద్రం ముఖద్వారంలో మోఖా నుంచి సూరత్‌కు వచ్చే ఓడల కోసం కాపు కాస్తే, వాటికి కాపలాగా ఉన్న ఈస్టిండియా కంపెనీ ఓడ తరిమేసింది. తర్వాత కార్వార్ రేవులో నీళ్లు, కట్టెలు ఎక్కించుకుంటుండగా కొందరు ఓడ దిగి పారిపోయి, అక్కడి ఇంగ్లీషు వర్తక స్థావరంలో (ఫ్యాక్టరీలో) కిడ్ మీద ఫిర్యాదు చేశారు. ఆ తర్వాత లాయల్ కెప్టెన్ అనే ఇంగ్లీషు ఓడ ఎదురుపడింది. దాన్ని పట్టుకుందామని మనుషులు పట్టుబట్టారు. తన అధికార పత్రం అలాంటి ఓడల మీద చెల్లదని కిడ్ ఒప్పుకోలేదు. కొందరు ఆయుధాలు తీశారు. కిడ్ వాళ్లను బెదిరించి నిలవరించాడు. దీన్ని గుర్తు పెట్టుకోండి. ముద్దాయి పక్షాన ఉన్న మంచి సంగతి ఇదొక్కటే. అదే అతని కేసును ముంచింది.

కెప్టెన్ చేతికి చట్టం గీసిన గీత

కిడ్ కాలపు నావికుల శిక్షలు చదువుతుంటే మనసు మొద్దుబారుతుంది. తెరచాప దూలం చివరనుంచి తాడుతో సముద్రంలోకి మూడుసార్లు పడేసి లాగడం, నడుముకు తాడు కట్టి ఓడ అడుగు కిందుగా ఒక పక్కనుంచి రెండో పక్కకు ఈడ్చడం, స్తంభానికి కట్టి కొరడాలతో కొట్టడం. ఓడ అడుగున అంటుకున్న గుల్లలు ఒళ్లంతా చీల్చేస్తాయి. డచ్చి ఈస్టిండియా కంపెనీ నిబంధనల్లో ఇంకో వింత ఉంది. ఓడలో తోటివాడి మీద కత్తి దూసినవాడి అరచేతిని అదే కత్తితో స్తంభానికి దిగ్గొట్టాలి. చేయి తనే లాక్కొని విడిపించుకునేదాకా అక్కడే నిలబడాలి.

ఆ డచ్చి నిబంధనలు మనకు దూరపు సంగతులేమీ కావు. పదిహేడో శతాబ్దం మొదటి దశకం నుంచే డచ్చి ఓడలు మచిలీపట్నం రేవుకు వచ్చేవి. కలంకారీ అద్దకాలు, నేత బట్టలు ఎక్కించుకుని వెళ్లిన ఆ ఓడల మీద నావికులు ఈ చట్టం కిందే బతికారు. బందరు సముద్రంలో లంగరు వేసి ఉన్న ఓడ లోపల జరిగేది ఒడ్డున ఉన్న గోల్కొండ సుల్తాను అధికారులకు పట్టే విషయం కాదు.

వకీలుగా నేను ఇక్కడ గమనించింది వేరు. డచ్చి శిక్షలు ఘోరమైనవే, కానీ వాటికి కాగితం ఉంది. ఓడలో ఒక సలహా సంఘం కూర్చోవాలి, తీర్పు రాయాలి, సంతకాలు పెట్టాలి. 1661లో చట్టమైన ఇంగ్లీషు నౌకాదళ నియమావళికీ కాగితం ఉంది. వర్తక ఓడల కెప్టెన్లకూ, కిడ్ లాంటి ప్రైవేటు యుద్ధ ఓడల కెప్టెన్లకూ ఉన్నది వాడుక మాత్రమే. తండ్రి కొడుకును, యజమాని పనినేర్చుకునే కుర్రవాణ్ణి దండించినట్టు కెప్టెన్ తన మనుషులను "తగుమాత్రంగా" దండించవచ్చు. ఆ తగుమాత్రం ఎంత?

దీనికి పాత సముద్ర ధర్మాలు ఇచ్చిన జవాబు నాకు భలే నచ్చింది. ఫ్రాన్సు తీరంలో పుట్టి ఇంగ్లండులోనూ చెల్లిన ఒలెరాన్ నియమాల ప్రకారం, కెప్టెన్ పిడికిలితో గానీ అరచేత్తో గానీ కొట్టిన మొదటి దెబ్బను నావికుడు భరించాలి. రెండో దెబ్బకు చేయి ఎత్తితే తనను తాను కాపాడుకోవచ్చు. మధ్యధరా సముద్రపు నియమాలు ఇంకా చిత్రంగా ఉంటాయి. కెప్టెన్ తిట్టినా నావికుడు ఎదురు చెప్పకూడదు. మీదికి వస్తే ఓడ ముందు భాగానికి తప్పుకోవాలి. అక్కడికీ తరుముకొస్తే, చుట్టూ ఉన్నవాళ్లను సాక్ష్యం పిలిచి అప్పుడు ఎదురు తిరగవచ్చు. మన ఊళ్లలో పెద్దల ముందు గీత గీసినట్టే ఉంది. ఎవరు రాశారో గానీ, ఓడలో చాలా కాలం బతికినవాడే రాసి ఉండాలి.

ఇక కిడ్ కేసుకు అసలైన నజీరు, అంటే దారి చూపే పాత తీర్పు, సముద్రం మీదది కాదు, కొలిమిలోది. 1666లో లండన్‌లో ఒక కమ్మరి తన పనివాణ్ణి ఏదో పని ఎందుకు చేయలేదని అడిగాడు. చేయకపోతే జైలు లాంటి బ్రైడ్‌వెల్‌కు పంపిస్తానన్నాడు. నీ దగ్గర పనిచేయడం కన్నా బ్రైడ్‌వెలే నయమని పనివాడు జవాబిచ్చాడు. కమ్మరి చేతిలో ఉన్న ఇనుప కడ్డీతో కొట్టాడు. పనివాడు చనిపోయాడు. కోర్టు దాన్ని హత్యే అంది. దండించే హక్కు ఉన్నవాడు దండనకు తగిన వస్తువు వాడాలి. ఇనుప కడ్డీతో తల మీద కొట్టడం దండన కిందికి రాదు. అదే ఏడాది మరో పెద్ద కేసులో, మాటలు ఎంత కటువైనా హత్యను చిన్న నేరంగా తగ్గించే రెచ్చగొట్టడం కిందికి రావని న్యాయమూర్తులు తేల్చారు. కిడ్ బొక్కెన ఎత్తేనాటికి ఈ రెండు తీర్పులకూ ముప్ఫై ఒక్క ఏళ్లు.

ఆ రోజు

సాక్షి జోసెఫ్ పామర్ చెప్పిన ప్రకారం, మూర్ ఓడ పైభాగంలో ఉలి నూరుకుంటున్నాడు. కిడ్ అతని దగ్గరికి వచ్చాడు. ఆ ఓడను పట్టుకుని కూడా మన మీదికి ఏమీ రాకుండా చేసే దారి నాకు ఎలా చూపించగలిగేవాడివి అని అడిగాడు. నేను అలాంటి మాట అనలేదు, అలాంటి ఆలోచన కూడా చేయలేదు అన్నాడు మూర్. కిడ్ అతన్ని పేలు పట్టిన కుక్క అన్నాడు. నేను పేలు పట్టిన కుక్కనైతే నన్ను అలా చేసింది నువ్వే, నన్నూ ఇంకా ఎందరినో నాశనం చేశావు అన్నాడు మూర్. నేను నిన్ను నాశనం చేశానా, కుక్కా అంటూ కిడ్ అటూ ఇటూ నడిచి, పక్కనున్న బొక్కెన తీసుకుని కొట్టాడు.

మూర్‌ను కిందికి మోసుకెళ్తున్నప్పుడు అతను, సెలవు, కెప్టెన్ కిడ్ నాకు ఇచ్చిన ఆఖరి దెబ్బ ఇదే అన్నాడట. పైన నిలబడ్డ కిడ్, నువ్వు దుర్మార్గుడివి అన్నాడట. తల తడిమి చూస్తే లోపల ఏదో కదిలినట్టు చేతికి తెలిసిందని పామర్ చెప్పాడు. ఓడ వైద్యుడు రాబర్ట్ బ్రాడినమ్ సాక్ష్యం ప్రకారం గాయం చూడటానికి చిన్నదే, కానీ పుర్రె చిట్లింది.

గన్నరు అంటే ఓడలో చిన్నవాడేమీ కాదు. ఫిరంగులూ మందుగుండూ అతని బాధ్యత. ఇంత పెద్ద ఓడలో గన్నరు మాటకు మిగతావాళ్లలో బరువుంటుంది. కిడ్ కోపానికి ఇదీ ఒక కారణమై ఉంటుందని నా ఊహ. మామూలు కళాసీ అదే మాట అని ఉంటే బహుశా సంకెళ్లతో పోయేది.

కోర్టులో

కిడ్‌ను 1699 జులైలో బోస్టన్‌లో పట్టుకున్నారు. మరుసటి ఏడాది లండన్‌కు తీసుకొచ్చి న్యూగేట్ జైల్లో ఏడాదికి పైగా ఉంచారు. ఈలోగా అతని వెనుక ఉన్న పెద్దలను దెబ్బతీయడానికి ప్రతిపక్షం పార్లమెంటులో అతన్ని వాడుకోవాలని చూసింది. అతను పట్టుకున్న కెదా మర్చంట్ ఓడ సరుకు వల్ల మొగలు దర్బారు ఈస్టిండియా కంపెనీ మెడ మీద కూర్చుంది. అంటే ఈ ముద్దాయి బతికి బయటపడితే ఇబ్బంది పడేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక ముద్దాయికి ఉన్న సదుపాయాలు చూస్తే నాలాంటివాడికి చెమటలు పడతాయి. పెద్ద నేరాల్లో వకీలు చట్టపు అంశం మీద తప్ప సంఘటన మీద వాదించకూడదు. సాక్షులను ముద్దాయే ప్రశ్నించుకోవాలి. ముద్దాయి ప్రమాణం చేసి తన కథ చెప్పుకునే హక్కు లేదు. అతని తరఫు సాక్షులకు ప్రమాణం చేయించరు. ప్రాసిక్యూషన్ సాక్షి మాటకు దేవుడి సాక్ష్యం ఉంటుంది, ముద్దాయి సాక్షి మాటకు ఉండదు. ఈ లోపాన్ని మరుసటి ఏడాది, 1702లో చట్టం చేసి సరిదిద్దారు. కిడ్‌కు ఒక్క ఏడాది తక్కువైంది. వకీలు ఖర్చులకు మంజూరైన డబ్బు కూడా విచారణకు ముందు రాత్రి గానీ చేతికి రాలేదు.

అలాంటి స్థితిలో కిడ్ తానే అడ్డు ప్రశ్నలు వేశాడు. ఆ భాగం చదువుతుంటే లేచి "అయ్యా, చాలు, కూర్చోండి" అనాలనిపిస్తుంది. ఆ రోజు ఒక డచ్చి ఓడ కనిపించలేదా, దాన్ని పట్టుకుందామని మూర్ అంటే నేను ఒప్పుకోకపోవడమే గొడవకు కారణం కాదా అని పామర్‌ను అడిగాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆగలేదు. ఓడలో తిరుగుబాటు లేదా అని నేరుగా అడిగాడు. తిరుగుబాటు లేదు, అంతా ప్రశాంతంగా ఉంది అన్నాడు పామర్. జవాబు ఏం వస్తుందో తెలియని ప్రశ్న అడగవద్దని మేము జూనియర్లకు మొదటి నెలలోనే చెబుతాం. కిడ్ సీనియర్‌గా ఉన్నది సముద్రం మీదే.

మధ్యలో ఒక జ్యూరీ సభ్యుడు చాలా మంచి ప్రశ్న అడిగాడు: బొక్కెన విసిరాడా, చేత్తో పట్టుకుని కొట్టాడా? విసిరితే గురి తప్పవచ్చు, చంపాలన్న ఉద్దేశం ఉందనడం కష్టం. పిడి పట్టుకుని కొట్టాడన్నాడు పామర్. నేను విసరలేదా అని కిడ్ అడిగితే, లేదు, నేను పక్కనే ఉన్నాను అన్నాడు.

ముద్దాయి తరఫున అబెల్ ఓవెన్స్, రిచర్డ్ బార్లికార్న్, హ్యూ పారట్ వచ్చారు. ముగ్గురూ అతనితోపాటు పైరసీ కేసులో ముద్దాయిలే. తిరుగుబాటు నిజమేనన్నారు. ఎప్పుడని న్యాయస్థానం అడిగితే లాయల్ కెప్టెన్ సంగతి చెప్పారు. అది దెబ్బకు సుమారు రెండు వారాల ముందు మాట. అక్కడితో కేసు అయిపోయింది. మూర్ ఎప్పటినుంచో జబ్బు మనిషి అనీ, చావుకు దెబ్బ కారణం కాదని వైద్యుడే అన్నాడనీ బార్లికార్న్ చెప్పాడు. బ్రాడినమ్‌ను అడిగితే నేను అలా అనలేదన్నాడు. పైగా ఇంకోటి జోడించాడు. కొన్నాళ్ల తర్వాత కిడ్ తనతో, గన్నరు చావు గురించి నాకు పెద్ద దిగులు లేదు, ఇంగ్లండులో నన్ను బయటపడేసే మంచి స్నేహితులు ఉన్నారు అన్నాడని.

విచారణ జరిపిన న్యాయమూర్తి, ఛీఫ్ బారన్ సర్ ఎడ్వర్డ్ వార్డ్ జ్యూరీకి చెప్పిన సారాంశం స్పష్టమే. మాటలు చాలవు. రెండు వారాల కిందటి గొడవ ఈ రోజు కోపానికి సాకు కాదు. తగిన కారణం లేకుండా చంపితే కక్ష ఉన్నట్టే చట్టం భావిస్తుంది. అతని మీద నాకు ఏ కక్షా లేదు, ఆవేశంలో జరిగింది, అందుకు బాధపడుతున్నాను అన్నాడు కిడ్. జ్యూరీ గంటసేపు బయట ఉండి వచ్చి హత్యే అంది.

ఇదే ఫైలు నా బల్ల మీద ఉంటే

మొదట సాక్షులు. పామర్, బ్రాడినమ్ ఇద్దరూ మడగాస్కర్‌లో కిడ్‌ను వదిలి, కల్లిఫర్డ్ అనే అసలు సిసలు సముద్రపు దొంగ ఓడ ఎక్కినవాళ్లు. ప్రాణాలు దక్కించుకోవడానికి ప్రభుత్వం పక్షాన సాక్షులయ్యారు. హత్యలో వాళ్లకు పాత్ర లేదు కాబట్టి సాంకేతికంగా అప్రూవర్లు కాకపోవచ్చు. అయినా ముద్దాయి ఉరి మీదే తమ బతుకు ఆధారపడిన సాక్షులు. దెబ్బ తగిలినప్పుడు బ్రాడినమ్ అక్కడ లేనే లేడు. కిడ్ చెప్పాడంటున్న ఆ స్నేహితుల మాటకు రెండో చెవి సాక్ష్యం లేదు. నేనైతే బ్రాడినమ్‌ను గాయం పొడవు, లోతు, చివరి 24 గంటల్లో ఏ చికిత్స చేశావు అని మాత్రమే అడిగేవాణ్ణి. పుర్రె చిట్లడం ఎలా తెలిసింది, చేత్తో తడిమా, తల తెరిచా?

రెండోది, కాగితం. మన 1958 నాటి వర్తక నౌకల చట్టంలో (2025లో దాని స్థానంలో కొత్త చట్టం చేశారు) ఓడలో క్రమశిక్షణ తప్పితే కెప్టెన్ అధికారిక లాగ్ బుక్కులో రాయాలి, ఆ రాసింది సంబంధిత నావికుడికి చదివి వినిపించాలి, అతని జవాబు కూడా చేర్చాలి అని ఉండేది. చేయి చేసుకునే అధికారం అందులో ఎక్కడా లేదు. కిడ్ దగ్గర లాయల్ కెప్టెన్ నాటి తిరుగుబాటు గురించి ఆ రోజే రాసిన ఒక్క పేజీ ఉంటే, మూర్ పేరు అందులో ఉంటే, సాక్షుల పోటీలో తూకం మారేది. తన దినచర్య పుస్తకాన్ని మడగాస్కర్‌లో తిరగబడినవాళ్లు పెట్టె పగలగొట్టి ఎత్తుకుపోయారని కిడ్ చెప్పుకున్నాడు. నిజమే కావచ్చు. నిజమైనా కోర్టులో అది ఖాళీ చేయి.

మూడోది, నేరం స్థాయి. భారతీయ న్యాయ సంహితలో 101వ సెక్షన్ హత్యను నిర్వచిస్తుంది. దాని మొదటి మినహాయింపు తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టడం. ఇక్కడ మన సుప్రీంకోర్టు 1961లో నానావతి కేసులో (భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన కేసు) చెప్పింది కిడ్‌కు వరమయ్యేది. ముద్దాయి అక్కడా ఓడల మనిషే, నావికాదళ అధికారి, కావడం యాదృచ్ఛికం. మాటలు, సైగలు కూడా కొన్ని పరిస్థితుల్లో తీవ్రమైన రెచ్చగొట్టడం కావచ్చని ఆ తీర్పు అంది. అంతకన్నా ముఖ్యంగా, చనిపోయినవాడు అంతకుముందు చేసిన పనివల్ల ముద్దాయి మనసులో ఏర్పడిన నేపథ్యాన్ని కూడా పరిగణించవచ్చంది. వార్డ్ కొట్టిపారేసిన రెండు వారాల నాటి తిరుగుబాటును మన కోర్టులో నేను లోపలికి తేగలను. నానావతికి ఆ మినహాయింపు దక్కలేదు, సంగతి తెలియడానికీ కాల్పులకూ మధ్య మూడు గంటలు గడిచాయి కాబట్టి. కిడ్‌కు మాటకూ దెబ్బకూ మధ్య అటూ ఇటూ నడిచినంత సేపే.

అయినా ఆ వాదన మీదే నిలబడను. "నన్ను నాశనం చేశావు" అన్న మాట ఒక కెప్టెన్ విచక్షణ కోల్పోయేంత తీవ్రమైనదా? కుక్క అని మొదట తిట్టిందే అతను. నాలుగో మినహాయింపు, అంటే ఆకస్మిక కొట్లాట, అసలే పనికిరాదు. మూర్ చేతిలో ఉలి ఉన్నా ఎత్తినట్టు ఎవరూ చెప్పలేదు.

నా వాదన సాదాగా ఉంటుంది. ముందస్తు పథకం లేదు, ఆయుధం తెచ్చుకోలేదు, చేతికందిన బొక్కెనతో ఒకే ఒక్క దెబ్బ, రెండోది లేదు. చావు సంభవించవచ్చని తెలిసి ఉండాలి గానీ చంపాలన్న ఉద్దేశం లేదు. 105వ సెక్షన్ రెండో భాగం, గరిష్ఠంగా పదేళ్లు. ఇక్కడి ఫిషింగ్ హార్బరులో తెడ్డుతో కొట్టిన ఒక కేసులో ఇలాగే వాదించాను, నెగ్గాను. ప్రాసిక్యూటరు మాత్రం విర్సా సింగ్ తీర్పు తెస్తాడు. కొట్టాలనుకున్న గాయమే సహజంగా ప్రాణం తీయడానికి సరిపోతే చాలు, చంపాలన్న ఉద్దేశం వేరుగా చూపనక్కరలేదంటాడు. ఇనుప పట్టీల బొక్కెన, పిడి పట్టుకున్న ఊపు, చెవి పైభాగం. అతని పని కూడా తేలికే.

మూర్ ఆఖరి మాట సంగతి మరిచిపోకూడదు. సాక్ష్య అధినియమం 26వ సెక్షన్ కింద అది మరణ వాంగ్మూలం. నేను దాన్ని కాదనను. దెబ్బ కొట్టింది కిడ్ అనే అది చెబుతుంది, అది మా పక్షమూ ఒప్పుకునేదే.

తీర్పు మీద నా అభిప్రాయం

కిడ్‌ను రాజకీయం ఉరితీసిందని చాలామంది రాస్తారు. పైరసీ అభియోగాల్లో దానికి బలం ఉంది. తాను పట్టుకున్న ఓడలు ఫ్రెంచి రక్షణలో ఉన్నాయని చూపడానికి అతను అడిగిన రెండు ఫ్రెంచి పాసులు విచారణలో ఇవ్వకపోవడం, అవి ఇరవయ్యో శతాబ్దంలో లండన్ ప్రభుత్వ దస్త్రాల్లో బయటపడటం చిన్న విషయం కాదు. హత్య కేసుకు మాత్రం ఆ పాసులతో సంబంధం లేదు. అప్పటి చట్టం ముందు కమ్మరి కేసు నిలబడి ఉంది. యజమాని అడిగాడు, పనివాడు ఎదురు మాట అన్నాడు, చేతికందిన ఇనుముతో తల మీద దెబ్బ. వార్డ్ చట్టాన్ని తప్పు చెప్పలేదు. విచారణ పద్ధతి అన్యాయం, తీర్పు చట్టబద్ధం. రెండూ ఒకే గదిలో ఉండవచ్చు, నేను చాలాసార్లు చూశాను.

నన్ను ఎక్కువగా కలతపెట్టేది వేరే. కిడ్ మూర్‌ను స్తంభానికి కట్టించి, అందరినీ పిలిచి, తిరుగుబాటుదారుడని ప్రకటించి, తాడుతో ఒళ్లు చీలేలా కొట్టించి ఉంటే? మూర్ వారం తర్వాత జ్వరంతో చచ్చిపోయి ఉంటే? ఆ కేసు ఓల్డ్ బెయిలీకి వచ్చేదని నేననుకోను. తగిన వస్తువు, తగిన తంతు, తగుమాత్రం అనే మూడు మాటలు ముద్దాయిని కాపాడేవి. చట్టం క్రూరత్వాన్ని కొలిచింది దెబ్బ తిన్న ఒంటి మీద కాదు, కొట్టినవాడి మర్యాద మీద.

1701 మే 23న వాపింగ్‌లోని థేమ్స్ ఒడ్డున కిడ్‌ను ఉరితీశారు. మొదటిసారి తాడు తెగింది. మళ్లీ ఎక్కించారు. తారు పూసిన శవాన్ని ఇనుప చట్రంలో బిగించి, వచ్చేపోయే నావికులకు కనిపించేలా టిల్బరీ దగ్గర నదిపక్కన వేలాడదీశారు.

అదే ప్రయాణంలో, మూర్ చనిపోవడానికి సుమారు రెండు నెలల ముందు, కిడ్ మనుషులు పార్కర్ అనే ఇంగ్లీషు కెప్టెన్ నడుపుతున్న మేరీ అనే చిన్న ఓడను ఆపారు. డబ్బు ఎక్కడ దాచారో చెప్పమని అందులోని మన తీరపు నావికులను కట్టేసి, కత్తుల పలకలతో బాదారు. ఈ సంగతి సాక్ష్యాల్లోకి వచ్చింది. కెప్టెన్ పేరు ఉంది. దెబ్బలు తిన్నవాళ్ల పేర్లు లేవు. ఆ దెబ్బలకు విడిగా అభియోగ పత్రం లేదు, వాళ్లను సాక్ష్యానికి పిలవలేదు.